బైజాక్ తన కారు పాడుచేసుకున్న వైనం

గురువారం పొద్దున్నే పాల టీ రెండు గిన్నెలు తాగి, మీసాలు తుడుచుకుని, బైజాక్ తన కారును పాడుచేయడం మొదలుపెట్టాడు.

పాడుచేయడమంటే కోపమొచ్చి సుత్తి పుచ్చుకుని బాదడం కాదు. ఆ పని ఎవడైనా చేస్తాడు. బైజాక్ పద్ధతి గల మనిషి. జాకీ ఎత్తి, చక్రాలు విప్పి, కొత్త షాకబ్జర్లు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు దుప్పటి మీద వరసగా పడుకోబెట్టాడు. వాటి స్థానంలో, గ్యారేజీ మూల ఏళ్ళ తరబడి పడున్న పాతవి, నూనె ఓడుతున్నవి, తెచ్చి బిగించసాగాడు.

టెకెలీ ఊరి చివర, నది ఒడ్డున, గనివాళ్ళు ఒకప్పుడు కట్టుకున్న ఇనప తలుపుల గ్యారేజీలు బారుగా ఉంటాయి. గ్యారేజీ కదా అని లోపల కారే ఉంటుందని లేదు. ఒకదాంట్లో బంగాళాదుంపలుంటాయి, ఒకదాంట్లో మేక ఉంటుంది, ఇంకోదాంట్లో పెళ్ళాంతో పోట్లాడొచ్చిన మొగుడుంటాడు. బైజాక్ గ్యారేజీలో మాత్రం కారే ఉంది. రెండు తలుపుల జర్మనీ కూపే. పొడుగు ముక్కు, సన్నటి నడుము, పండిన చెర్రీ రంగు. అది ఈ ఊరికి వచ్చినప్పుడు డిక్కీలో కోడి పొదుగుతోందట. పిల్లలు దిగేదాకా ఆగి, అప్పుడు పని మొదలుపెట్టానంటాడు బైజాక్. నిజమేదో ఆ కోడికే తెలియాలి.

"కుడి వెనక షాకబ్జరు నిజంగా ఓడుతోందా, మొహమాటపడుతోందా?" అని తల లోపలికి పెట్టి అడిగాడు లుకిచ్.

లుకిచ్ పక్క గ్యారేజీ మనిషి. వెల్డింగు పని. అరవై ఏళ్ళు దాటాయి గానీ నాలుకకి ఇంకా ఇరవయ్యే. కారు పాడుచేయమన్న ఆలోచన ఆయనదే.

"ఓడుతోంది" అన్నాడు బైజాక్ చక్రం కింద నుంచే.

"గట్టిగా నొక్కు, చూద్దాం."

బైజాక్ లేచి వెనక రెక్క మీద చెయ్యేసి నొక్కి వదిలాడు. కారు కిందకి పోయి, పైకి లేచి, మళ్ళీ పోయి, మళ్ళీ లేచింది.

"ఆహా! మా మేనత్త డాన్సాడినట్టుంది" అన్నాడు లుకిచ్. "నీ మేనల్లుడు ఎక్కిన రెండో నిమిషానికి తిన్నదంతా కక్కుతాడు. ఇక అడగమన్నా అడగడు."

బైజాక్ నవ్వలేదు. ముందు రాత్రి అక్క రౌషన్ అల్మాటీ నుంచి ఫోన్ చేసింది. "తమ్ముడూ, మావాడు తోల్కిన్ శనివారం నీ దగ్గరికొస్తున్నాడు. నిన్నేదో అడగాలట. ఏమిట్రా అంటే చెప్పడు, సిగ్గుపడతాడు. మామ కారు ఎట్లా ఉందమ్మా అని మాత్రం రెండుసార్లు అడిగాడు."

అంతే, బైజాక్ టీ గిన్నె అక్కడే వదిలి, ఆ రాత్రే వెళ్ళి లుకిచ్ తలుపు తట్టాడు.

బైజాక్ వాళ్ళ ఆచారంలో మేనల్లుడు అడిగితే మేనమామ కాదనకూడదు. మూడుసార్లు అడిగే హక్కు వాడిది. గుర్రాల్ని పట్టే ఉచ్చుకర్ర వాడి చేతికిచ్చి, మందలో నీ ఇష్టమొచ్చినదానికి వెయ్యరా అన్నట్టు. తోల్కిన్ మొదటి ఉచ్చు అయిదేళ్ళప్పుడే వేశాడు, నుదుట చుక్క ఉన్న గుర్రప్పిల్లకి. రెండోది కాలేజీలో చేరినప్పుడు, బైజాక్ వాళ్ళ నాన్న వెండి జీనుకి. గుర్రప్పిల్ల సంగతి సరే. ఆ జీను ఇప్పుడు అల్మాటీలో తోల్కిన్ స్నేహితుడెవడో పెట్టిన కాఫీ హోటల్లో గోడకి మేకు కొట్టి వేలాడుతోంది. దాని కింద కూర్చుని జనం ఫొటోలు దిగుతారు. బైజాక్ ఒకసారి పనిమీద వెళ్ళి, కాఫీ చెప్పి, జీను వంక చూసి, కాఫీ తాగకుండానే లేచొచ్చాడు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇక మూడో ఉచ్చు మిగిలింది.

"లేదని చెప్పేయొచ్చుగా! మీ ఆచారాలు నాకు అర్థం కావు" అన్నాడు లుకిచ్.

"మా పెదనాన్న నూర్‌కోజా మేనల్లుడికి వేటకుక్కని ఇవ్వనన్నాడు. ఆ రోజునుంచి ఆయన చెయ్యి వణుకుడే. టీ పోసుకుంటే సగం గడ్డానికి, సగం చొక్కాకి. నోట్లోకి పోయింది ఎవరూ చూడలేదు."

"అది వోడ్కా వణుకేమో?"

"మా ఆవిడా అదే అంటుంది." బైజాక్ తన రెండు చేతులూ చాచి చూసుకున్నాడు. గ్రీజు పట్టిన, పొట్టి వేళ్ళ చేతులు. ఊరి బాయిలర్ హౌసులో కరెంటు పని చేసే చేతులు. "నాకున్నవి ఇవే లుకిచ్. వీటితో పందెం కాయలేను."

అందుకే ఈ ఉపాయం. వాడు అడిగితే కాదనకూడదు గానీ, అడగబుద్ధి కాకుండా చేస్తే తప్పేముంది?

మధ్యాహ్నానికి సైలెన్సర్ వంతు వచ్చింది. తుప్పు పట్టని ఉక్కు గొట్టం. లుకిచ్, తనూ కలిసి కిందటి వసంతంలో వంపులు తిప్పి, అతికి, నునుపు చేసినది. దాని గొంతు వింటే కొండమీద నేల ఉడతలు బిలాల్లోంచి లేచి నిలబడి సలాం కొట్టేవని లుకిచ్ అంటాడు. దాన్ని తీసి గోడవారగా నిలబెట్టారు. పాతది, చేపల డబ్బా రేకుతో మాసికలేసింది, తీగతో కట్టారు. లుకిచ్ సిగరెట్టు వెలిగించుకోవడానికి అలా బయటికి వెళ్ళొచ్చేసరికి, బైజాక్ కారు కింద పడుకుని ఆ పాత గొట్టానికి రబ్బరు ముక్క కోసి, చక్కగా కొక్కెం అమరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఊగుతోంది."

"ఊగాలి!"

"ఊగితే ఇరుసుకి తగులుతుంది."

"తగలాలి! ఒరేయ్ బైజాకూ, నువ్వు పాడుచేయడానికి కూచున్నావా, బాగుచేయడానికా?"

బైజాక్ కింద నుంచి బయటికి జరిగాడు. కొక్కెం వంక విచారంగా చూశాడు. తర్వాత మళ్ళీ లోపలికి జరిగి, తన చేత్తో తనే దాన్ని ఊడదీశాడు.

ఆ రెండు రోజులూ ఇదే గొడవ. పాత ప్లగ్గు పెట్టమంటే పెట్టేముందు ఉప్పుకాగితంతో గీకి శుభ్రం చేస్తాడు. తుప్పు పట్టిన చక్రాల రింగులు ఎక్కించమంటే నట్లకి నూనె రాసి మరీ ఎక్కిస్తాడు. చివరికి లుకిచ్ చిన్న పీట వేసుకుని ఎదురుగా కూచుని కాపలా కాశాడు. బైజాక్ మాత్రం చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే పదో నెంబరు పానాని మాటిమాటికీ తడుముకుంటూనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ పానా ఆ జేబులోనే ఉంటోంది. చొక్కాలు మారతాయి గానీ అది మారదు.

శుక్రవారం సీట్లు మార్చేద్దామని ఇంటినుంచి పాత సీట్లు మోసుకొచ్చేసరికి, గ్యారేజీ గుమ్మంలో భార్య కుల్పాష్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఎవరి కుట్టుపని విప్పుతున్నావు?"

"విప్పడంలేదు. సీటుతో సహా తీస్తున్నా."

"తోలు సూది మూడు విరిగాయి నాకు ఆ సీట్లకి. మిషను మీద చెయ్యిజారి వేలు కుట్టుకున్నా. ఇప్పుడు చిరిగిన గోనెలు పెడతావా? వచ్చేవాడు మా ఆడపడుచు కొడుకు. వాడేమనుకుంటాడు, ఈ ఇంట్లో ఆడదానికి సూదిలో దారం ఎక్కించడం రాదనుకోడూ?"

"అది కాదు కుల్పాష్..."

"ఏది కాదు? కారు కోసం మొగాళ్ళిద్దరూ దొంగల్లా తలుపేసుకుని కూచున్నారు. గేరుబాక్సు కూడా విప్పేస్తారా?"

గేరుబాక్సు విప్పలేదు. అది విప్పే పని కాదు. ఆ కారుకి మొదట ఆటో గేరుండేది, అది చచ్చింది. బైజాక్ ఒక చలికాలమంతా కూచుని, నడిమి రేకు కోసి, ఒక పెద్ద కారు శవంలోంచి తెచ్చిన చేతి గేరుబాక్సు అమర్చి, రెండు పెడళ్ళ పక్కన మూడోది, క్లచ్ పెడలు, పెట్టుకున్నాడు. అది వెనక్కి మార్చాలంటే ఇంకో చలికాలం కావాలి. వచ్చేవాడు రేపే వస్తున్నాడు. దాన్ని అలా వదిలేశారు.

కుల్పాష్ విసురుగా వెళ్ళిపోయింది. కానీ సాయంత్రానికి తన ఉన్ని దుప్పట్లు రెండు పంపించింది, సీట్లు చుట్టి దాచడానికి.

శనివారం తోల్కిన్ దిగాడు. పొడుగాటి మనిషి, తెల్లటి బూట్లు, మెడలో ఆఫీసు కార్డు తీయడం మరిచిపోయాడు. అత్తయ్యకి శాలువా, మామకి టార్చిలైటు తెచ్చాడు. కుల్పాష్ మేనల్లుడని మాంసం కుర్దాక్ వేయించి, పిండి ఉండలు నూనెలో వేసి బౌర్సాకులు గుట్టగా పోసింది. తోల్కిన్ తిన్నది తక్కువ, కిటికీలోంచి గ్యారేజీల వైపు చూసింది ఎక్కువ.

"మామా, కారులో ఒక చుట్టు తిప్పవూ?"

"పద" అన్నాడు బైజాక్. ఆ పద అన్నది ఎట్లా ఉందంటే, బావిలో దూకుదాం పద అన్నట్టుంది.

తిప్పాడు. తాళం తిప్పగానే ఇంజను దగ్గి, తుమ్మి, ఒక సిలిండరు పని చేయననుకుని మూడింటితోనే లేచింది. వంతెన దాటేసరికి సైలెన్సరు ఇరుసుని వాయించడం మొదలుపెట్టింది. గుంటలో పడ్డ ప్రతిసారీ కారు నాలుగుసార్లు లేచి పడింది. చిరిగిన సీటులోంచి స్ప్రింగు ఒకటి తోల్కిన్‌ని వెనకనుంచి పలకరించింది. వాడు తలుపు పిడి పట్టుకుని, పెదాలు బిగించి కూచున్నాడు. నది వంపు దగ్గర లోయవైపు కారు పక్కకి ఒరిగితే "మామా!" అన్నాడు, అంతే.

గ్యారేజీ బారు ముందు లుకిచ్ నిలబడి టోపీ తీశాడు, శవం పోతుంటే తీసినట్టు.

ఇంటికొచ్చాక తోల్కిన్ పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ బల్ల ముందు కూచున్నాడు. కుల్పాష్ టీ పోస్తోంది. వాడు ఒట్టు వేసేటట్టు రొట్టె మీద చెయ్యి పెట్టాడు.

"మామా, నాకింకా ఒక కోరిక మిగిలింది."

బైజాక్ గిన్నె కింద పెట్టాడు.

"ఆ కారు నాకివ్వు."

టీ గరిటె కుల్పాష్ చేతిలో అలాగే ఆగింది. బైజాక్‌కి ముందు నవ్వొచ్చింది. ఆ కారునా? మూడు సిలిండర్ల దాన్నా? వీడికి కళ్ళున్నాయా? తర్వాత నవ్వు పోయింది. అడిగాడు. అడిగినవాడు మేనల్లుడు, చెయ్యి రొట్టె మీద ఉంది.

"తీసుకో" అన్నాడు. "దాంతో ఏం చేస్తావురా?"

"సోమవారం మా స్నేహితుడు బండి తెస్తాడు. లాక్కెళ్ళి తాల్దికోర్గాన్‌లో పాత ఇనుము కొట్టులో పడేస్తా. అక్కడ మిషనుంది, పెట్టెలా నొక్కేస్తారు." తోల్కిన్ తలెత్తలేదు. "కోప్పడకు మామా. అమ్మ ఏడుస్తోంది ఫోన్లో. 'ఆ డొక్కులో వాడు కనుమలో పడి చస్తాడు, నువ్వేం చేస్తావో నాకు తెలియదు, దాన్ని వాడి చేతిలోంచి తీసేయ్' అంది. నువ్వు ఇంకెట్లా చెప్పినా వినవు కదా. అందుకే అడిగా."

కుల్పాష్ మొగుడి వంక చూసింది. చెప్పు, అన్నట్టు చూసింది. బైజాక్ చెప్పలేదు. బౌర్సాకు ఒకటి తీసుకుని, రెండు ముక్కలు చేసి, రెండూ బల్లమీదే పెట్టి లేచిపోయాడు.

ఆదివారం పొద్దున్న లుకిచ్ గ్యారేజీకి వచ్చేసరికి బైజాక్ కారు బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"ఇంకేం, బ్రహ్మాండం!" అన్నాడు లుకిచ్. "డొక్కు వాడు పట్టుకుపోతాడు. సరుకంతా నీ దగ్గరే. షాకులు, గొట్టం, రింగులు, సీట్లు. ఇంకో డొక్కు వెతికి తగిలిద్దాం."

"ఇది నొక్కేస్తారు లుకిచ్."

"నొక్కనీ."

"ఈ రేకుల్లో నా చెయ్యి పడనిచోటు లేదు. పెట్టెలా నొక్కుతారట."

"అయితే చెప్పేయ్. నిజం చెప్పు."

"చెబితే నొక్కడు. బాగున్న కారు చూసి ఇష్టంగా పట్టుకుపోతాడు."

లుకిచ్ నోట్లో సిగరెట్టు అటునుంచి ఇటు మారింది.

బైజాక్ బానెట్ మీద నుంచి చెయ్యి తీశాడు. తర్వాత ఇంటికెళ్ళి, నిద్ర కళ్ళతో ఉన్న మేనల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చి, గ్యారేజీ వెనకగది తలుపు తీసి, దుప్పటి లాగేశాడు.

షాకబ్జర్లు. రింగులు. ఉక్కు గొట్టం. ఎర్రదారంతో వంకరలేకుండా కుట్టిన తోలు సీట్లు.

తోల్కిన్ గొంతుక్కూచున్నాడు. సీటు కుట్టు మీద వేలు నడిపాడు. లేచి కారు చుట్టూ తిరిగి, చేపల డబ్బా మాసిక వంక చూసి, మళ్ళీ గదిలోకొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదంతా నేనొస్తున్నానని చేశావా?"

"అవును."

"నేనంత వెధవనా మామా?"

"తాత జీను కాఫీ హోటల్లో మేకుకి వేలాడుతుంటే చూశానురా."

తోల్కిన్ బూట్ల వంక చూసుకున్నాడు. తెల్ల బూటు మీద అప్పటికే నూనె మరక పడింది.

"అది తప్పే" అన్నాడు. "వాడు అడిగాడు, ఇచ్చేశా. నువ్వు చూస్తావనుకోలేదు." వంగి ఆ మరక తుడుస్తూ, "నేనడగడానికి వచ్చింది కారు కాదు. శరత్కాలంలో నా పెళ్ళి. కార్ల బారులో అందరికంటే ముందు నీ కూపే ఉండాలనీ, పెళ్ళికూతుర్ని నువ్వు తీసుకురావాలనీ అడుగుదామని వచ్చా. నిన్న ఎక్కాక, నోరు రాలేదు."

లుకిచ్ తలుపు దగ్గర దగ్గాడు. బైజాక్ నూనె గుడ్డ తీసుకుని, తుడుచుకోవడానికేమీ లేకపోయినా చేతులు తుడుచుకున్నాడు.

"అయితే వదిలేయ్ మామా. నేనడగనేలేదనుకో."

"ఎట్లా అనుకుంటా? రొట్టె మీద చెయ్యిపెట్టి అడిగావు. ఇచ్చానన్నాను. అదేం బోల్టా, విప్పి మళ్ళీ బిగించడానికి? అందులోనూ నిన్ను మోసం చేసి మరీ ఇచ్చాను. కారు నీదే. రా, జాకీ పట్టుకో."

ఆ రోజంతా పని జరిగింది. రెండు రోజులు పట్టిన పాడు ఒక్కరోజులో బాగైంది. బాగుచేయమంటే బైజాక్ చేతులకి అలుపుండదు. తోల్కిన్ నట్లు అందించాడు, ఒకటి ఎక్కడో పోగొట్టాడు, బొటనవేలు నలగ్గొట్టుకున్నాడు. లుకిచ్ పీట మీద కూచుని, ఈసారి బిగించండి బిగించండి అని కేకలేశాడు. కుల్పాష్ తనే వచ్చి సీట్లు ఎక్కించే దగ్గర నిలబడి, కుట్టు నలిగితే ఇద్దరి చెవులూ మెలేస్తానంది. పొద్దు వాలే వేళకి తాళం తిప్పితే ఇంజను ఒక్క మాటలో అందుకుంది. ఆ పక్క గ్యారేజీలో మేక కూడా నమలడం ఆపింది.

"ఎక్కు. నీ కారు, నువ్వే బయటికి తీయాలి" అన్నాడు లుకిచ్ కొత్త యజమానితో.

తోల్కిన్ ఎక్కాడు. కిందకి చూశాడు. మళ్ళీ చూశాడు.

"మామా, ఈ మూడోదేమిటి?"

బైజాక్, లుకిచ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"క్లచ్చురా."

"నాకు ఆటో గేరే వచ్చు. అల్మాటీలో అందరం అదే నడుపుతాం. నువ్వు పంపిన పాత ఫొటోల్లో రెండే పెడళ్ళున్నాయి!"

లుకిచ్ పీట మీద నుంచి జారి కింద కూచున్నాడు నవ్వు ఆపుకోలేక. లేచి బైజాక్‌ని పక్కకి లాక్కుపోయి చెవిలో ఊదాడు. "దేవుడున్నాడు బైజాకూ! మీ దేవుడో మా దేవుడో గానీ ఉన్నాడు. నేర్పకు. నేర్పినా అడ్డదిడ్డంగా నేర్పు. ఏడాదికి వస్తుంది, పదేళ్ళకి వస్తుంది. అంతదాకా కారు ఇక్కడే."

బైజాక్ అటు తిరిగి వెళ్ళి, కారు ముందునుంచి చుట్టి వచ్చి, పక్క సీటులో కూచున్నాడు.

"ఎడమ కాలు పూర్తిగా నొక్కు. ఇప్పుడు గేరు. కాలు మెల్లగా వదులు. మెల్లగా అంటే, నిద్రపోయిన పిల్లాడి పక్కనుంచి లేచినట్టు."

కారు గుర్రంలా ఎగిరి ఆగిపోయింది.

"పిల్లాడు లేచాడు. మళ్ళీ."

ఎన్నిసార్లు ఆగిందో ఆ గ్యారేజీల బారులో ఎవరూ లెక్కపెట్టలేదు. బంగాళాదుంపల గ్యారేజీవాడు కుర్చీ తెచ్చుకుని చూశాడు. బైజాక్ ఒక్కసారి కూడా తొందర చేయలేదు, ఒక్క మాట తప్పు చెప్పలేదు. వాడి మోకాలి మీద చెయ్యి పెట్టి, క్లచ్ ఎక్కడ అందుకుంటుందో వాడి కాలికే తెలిసేదాకా పైకీ కిందకీ నడిపించాడు. తప్పు నేర్పాలని చూసినా చేతకాదేమో ఆ మనిషికి.

సోమవారం పొద్దున్న, లాక్కెళ్ళడానికి బండి తెస్తానన్న స్నేహితుణ్ణి రావద్దని తోల్కిన్ ఫోన్ చేసి చెప్పాడు. మామని పక్కన కూచోబెట్టుకుని నది దారిన కనుమ వైపు నడిపాడు. రెండో గేరునుంచి మూడో గేరుకి పడేటప్పుడు చిన్న కుదుపు, అంతే. ఎండ అద్దం మీద పడుతోంది. ఇంజను గొంతు రాళ్ళకి తగిలి తిరిగి వస్తోంది.

బైజాక్ ఇన్నేళ్ళలో రోడ్డు మీద పోయే ఆ కారులో ఆ సీటున ఎప్పుడూ కూచోలేదు. అక్కడినుంచి కొండ వేరేగా కనిపించింది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచక తలుపు లోపలి అట్ట మీద పెట్టాడు. చెయ్యి వణికింది.

పెదనాన్న గడ్డం, టీ మరకలు కళ్ళముందు కనిపించాయి. చెయ్యి ఎత్తి మొహం ముందు పెట్టుకుని చూశాడు. నిబ్బరంగా ఉంది. మళ్ళీ అట్ట మీద పెట్టాడు. వణికింది. ఎత్తాడు. ఆగింది.

వణుకు తలుపుది. అట్ట వెనక చిన్న నట్టు ఒకటి వదులైంది. వంపు తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కు మంటోంది. ప్రమాదమేం లేదు, చిరాకు మాత్రమే. డ్రైవరు సీట్లో కూచున్నవాడికి ఎన్నటికీ వినపడదు.

"ఏమైంది మామా? క్లచ్ తప్పానా?"

"లేదురా అల్లుడూ, బాగా నడుపుతున్నావు. నీ కారు తలుపులో నట్టు వదులైంది. వినిపిస్తోందా?"

తోల్కిన్ చెవి పెట్టాడు. "ఔను. ఆపనా? పానా ఉందా?"

బైజాక్ చెయ్యి అలవాటు చొప్పున చొక్కా జేబు మీదికి పోయింది. పదో నెంబరు పానా తల బయటికి తొంగిచూస్తోంది. ఆ నట్టుకి సరిగ్గా సరిపోయేది అదే.

"లేదు, ఇంట్లో మర్చిపోయా" అన్నాడు. "వచ్చే ఆదివారం తీసుకురా, చూద్దాం."

బొటనవేలితో పానాని జేబులోకి అడుగుదాకా నెట్టేసి, వేళ్ళు కలిపి, కొండల వంక చూస్తూ కూచున్నాడు.